బటన్ లేని చప్పుడు

జూన్ 2

చెవి ఎప్పుడెప్పుడు నొప్పి పెడుతుందో తేదీలవారీగా రాసుకుని రమ్మన్నాడు చెవి డాక్టర్. ఏడేళ్లుగా ఉన్న నొప్పి. రెండు చెవుల్లోనూ లైటు వేసి చూసి, "శుభ్రంగా ఉన్నాయండీ" అన్నాడు, నేనేదో అద్దె ఇల్లు చూపించడానికి తీసుకెళ్లినట్టు. అంత శుభ్రంగా ఉంటే నేనెందుకు వస్తాను? సరే, రాస్తాను. ఈ రోజు నొప్పి లేదు.

జూన్ 3

లేదు.

జూన్ 5

లేదు. అయినా ఇది డాక్టర్ చదువుతాడు కాబట్టి నా ఉద్యోగం సంగతి కూడా రాయాలేమో. విమానాల్లో పనిచేయబోయే ఆడపిల్లలకీ మగపిల్లలకీ నేను ట్రైనర్ని. అంతకుముందు పదకొండేళ్లు నేనూ ఎగిరినదాన్నే. చెవి వల్ల కిందికి దిగాను.

పాఠాలన్నీ డమ్మీలో చెబుతాను. పాత విమానం నడుము ముక్కని కోసి తెచ్చి షెడ్డులో పెట్టారు. రెక్కల్లేవు, చక్రాల్లేవు, ఎనిమిది వరసల సీట్లున్నాయి. ఆరో వరసలో ఒక సీటుకి చెయ్యి ఊడింది, మూడేళ్లుగా అడుగుతున్నా బాగు చేయించరు. వెనక నా స్టూలు, నా చేతిలో బటన్ల డబ్బా. ఒకటి నొక్కితే ఇంజన్ హోరు, ఇంకోటి నొక్కితే కుదుపు, ఇంకోటి పొగ. నేను నొక్కనిదే అందులో ఏ చప్పుడూ రాదు.

ఈ రోజు కొత్త పిల్లలకి మొదటి పాఠం చెప్పాను. భయపడ్డవాళ్లకి ధైర్యం చెప్పొద్దు, పని చెప్పండి. "ఏం కాదండీ" అంటే వాళ్లకి ఏదో అవుతోందని తెలిసిపోతుంది. "ఈ దుప్పటి కాస్త మడతపెట్టి ఇస్తారా" అంటే మడతపెడతారు. పద్దెనిమిదేళ్ల అనుభవం మీద చెబుతున్న మాట ఇది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

జూన్ 6

నొప్పి ఉంది. ఎడమ చెవి. మేనేజర్ గదిలో మొదలైంది.

మా రెండో ట్రైనర్ స్నానాలగదిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇన్నాళ్లూ పైన పని అతనిది, కింద పని నాది. కొత్తగా చేరినవాళ్ల ఉద్యోగం ఖాయం కావాలంటే ట్రైనర్ ఒకసారి వాళ్లతో విమానం ఎక్కి, ప్రయాణికుల మధ్య కూర్చుని వాళ్ల పని చూడాలి. ఇప్పుడు మిగిలింది ఒక్క పిల్లే. నెలాఖరుతో ఆ పిల్ల గడువు అయిపోతుంది. ఈలోగా ఎవరూ చూడకపోతే ఇంటికి పంపేస్తారు.

ఆ పిల్ల కూడా ఎవరో కాదు, సైలెన్సర్.

ఆ పేరు పెట్టింది తోటి పిల్లలే. అన్నీ చక్కగా చేస్తుంది, కానీ ప్రమాదం వస్తే ప్రయాణికులకి ఇవ్వాల్సిన ఆర్డరు, "తలలు దించండి, అలాగే ఉండండి" అని అరవాల్సి వచ్చేసరికి గొంతు పీలగా అయిపోతుంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి నేనే కాస్త చూసీచూడనట్టు పోయాను.

"ఒక్క పూట పనే మేడమ్. వెళ్లడం, గంట ఆగడం, అదే విమానంలో తిరిగి రావడం" అన్నాడు మేనేజర్.

"నా చెవి సంగతి మీకు తెలుసు కదా సార్."

"తెలుసు. డాక్టర్ దగ్గర్నుంచి ఓ కాయితం తెచ్చేయండి. ఆ అమ్మాయిని మాత్రం వదులుకోవాల్సిందే."

జూన్ 9

అత్తయ్య ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లమంది. డెబ్బై రెండేళ్ల మనిషి. గాజులో, గిన్నెలో కొనుక్కుంటుంది అనుకున్నాను. తిన్నగా జెయింట్ వీల్ దగ్గరికి వెళ్లి లైన్లో నిలబడింది.

"నువ్వూ రా అమ్మాయ్."

"నాకు చెవి అత్తయ్యా."

"చెవికేం, అది నీతోపాటే వస్తుందిగా."

నేను ఎక్కలేదు. ఆవిడ కళ్లజోడు, చెప్పులు, చేతిసంచీ పట్టుకుని కింద నిలబడ్డాను. పైకి వెళ్లిన ప్రతిసారీ రెండు చేతులూ వదిలేసి ఊపింది. పక్కనున్న కాలేజీ కుర్రాడు కడ్డీని కరుచుకుని కూర్చున్నాడు, ఈవిడ అతని భుజం తడుతోంది. నేను మెడ ఎత్తి చూడలేక, ఆవిడ చెప్పుల్ని చూస్తూ నిలబడ్డాను. చెమటలు పట్టాయి. ఎండ కూడా ఎక్కువగానే ఉంది.

దిగాక నా మొహం కాసేపు చూసింది. చెప్పులు వేసుకుంటూ నా భుజం పట్టుకుంది.

చెవి నొప్పి: కొంచెం.

జూన్ 11

అత్తయ్య ఎప్పుడూ విమానం ఎక్కలేదు, ఉద్యోగుల ఇంట్లోవాళ్లకి సీటు ఇస్తారు కదా, అమ్మని కూడా తీసుకెళ్లు అంటున్నారు ఈయన. తన షాపులో కూర్చుని ఎవరికో కళ్లజోడు బిగిస్తూ చెప్పారు, ఎదురుగా మనిషిని పెట్టుకుని. నేను కాదనలేని సమయం చూసుకుని మరీ.

"నేను వెళ్తానో లేదో ఇంకా తెలీదు. డాక్టర్ ఏమంటాడో."

"కళ్లయితే నేను చూసేవాణ్ని. చెవులు నా డిపార్టుమెంటు కాదు" అన్నారు. కళ్లజోడు పెట్టుకుంటున్నాయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 13

చెవి డాక్టర్‌కి చేతకాదు. ఈ కాయితాలు తిరగేసి, "నొప్పి వచ్చిన రోజులన్నీ ఏదో ఎక్కాల్సిన మాట వచ్చిన రోజులే కదండీ" అన్నాడు. ఎగరొచ్చని రాసిచ్చాడు. నేనడిగింది ఎగరకూడదని రాయమని.

ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయనకీ చేతకాదు.

జూన్ 15

క్లాసు అయిపోయాక సైలెన్సర్ వచ్చింది. డమ్మీలో నిలబడి అరవడం ప్రాక్టీసు చేస్తానంది. పొట్టలోంచి అరవమని ఎన్నోసార్లు చెప్పాను. చేత్తో పొట్ట నొక్కి చూపించాను. ఎంత చేసినా గొంతులోంచే వస్తోంది, పక్కింటివాళ్లు నిద్రలేస్తారేమోనన్నట్టు.

"నువ్వు ఇంట్లో ఎవరినీ ఎప్పుడూ కేకలెయ్యలేదా?"

"మా ఇంట్లో అందరూ వేసేవాళ్లే మేడమ్. వినేదాన్ని నేనొక్కదాన్నే."

నవ్వొచ్చింది. అది నవ్వలేదు.

"ఈ ఉద్యోగం పోతే మళ్లీ సూపర్ మార్కెట్ కౌంటర్లో కూర్చోవాలి మేడమ్. ఎవరు ఏమన్నా 'సారీ సార్' అంటూ. మీరు పద్దెనిమిదిన వస్తున్నారు కదా?"

"వస్తున్నాను."

"మీరుంటే నాకు భయం ఉండదు మేడమ్."

జూన్ 18

వెళ్లలేదు.

ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. యూనిఫాం వేసుకున్నాను, అత్తయ్యకి టిఫిన్ పెట్టి తీసుకెళ్లాను, గేటు దాకా వెళ్లాను. గాజు గోడ అవతల విమానం నిలబడి ఉంది. తలుపు దగ్గర సైలెన్సర్ నిలబడి అందరికీ చెయ్యి చూపిస్తోంది, లోపలికి, ఇటు, ఇటు. నన్ను చూసి కాస్త నిటారుగా అయింది. ఆ నిటారు అవడం చూసి నా కాళ్లు ఆగిపోయాయి. చెవి పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. అత్తయ్య నీళ్లసీసా మూత తీసి చేతిలో పెట్టింది. విమానం వెళ్లిపోయింది.

సాయంత్రం సైలెన్సర్ దగ్గర్నుంచి మెసేజ్. "చెవి ఎలా ఉంది మేడమ్? రెస్ట్ తీసుకోండి." మళ్లీ ఎప్పుడొస్తారు అని అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 19

నా చెవికి ఏమీ లేదు.

ఇది డాక్టర్‌కి చూపించను. నాకోసమే రాసుకుంటున్నాను, కాబట్టి సరిగ్గా రాయాలి.

ఏడేళ్ల కిందట విమానంలో ఏమీ జరగలేదు. ఇదే నేను ఎవరికీ చెప్పుకోలేని సంగతి. ఏదైనా జరిగి ఉంటే చెప్పుకునేదాన్ని, ఇంజన్ ఆగిందనో, పిడుగు పడిందనో. అందరూ అయ్యో అనేవాళ్లు. మామూలు మధ్యాహ్నం, మామూలు విమానం. ఎవరో ముసలాయన మాత్ర వేసుకోవడానికి నీళ్లడిగితే కప్పులో పోశాను. విమానం దిగడం మొదలుపెట్టింది. కప్పులో నీళ్లు ఒక పక్కకి ఒరిగాయి. ఆ నీళ్లని నేను అప్పటికి కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. ఆ రోజు మాత్రం, ఇది దేని మీద నిలబడి ఉంది అనిపించింది. నా కాళ్ల కింద ఒక రేకు, దాని కింద ఏమీ లేదు. అంతే. ముసలాయన చెయ్యి చాపి ఉంచాడు, నేను కప్పు ఇవ్వలేదు. నేల తగిలేదాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాను.

మర్నాడు చెవి నొప్పి అన్నాను. అందరూ నమ్మారు. చెవి నొప్పి చాలా మర్యాదైన జబ్బు. కొన్నాళ్లకి నిజంగానే నొప్పి పెట్టడం మొదలైంది. తర్వాత మేడ మీద బట్టలు ఆరెయ్యడం మానేశాను. షాపింగ్ మాల్లో గాజు లిఫ్టు మానేశాను. పిల్లలకి మాత్రం భయం గురించి పాఠాలు చెబుతూనే ఉన్నాను, జీతం తీసుకుని.

సిగ్గుగా ఉంది. చాలా సిగ్గుగా ఉంది.

జూన్ 21

మేనేజర్ ఇంకో తేదీ ఇచ్చాడు. ఇరవై ఏడు. "ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు మేడమ్."

జూన్ 24

ఈయనకి చెబుదామని కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపు కొత్త ఫ్రేముల గురించి చెప్పడం మొదలుపెట్టారు. అంతా విని లేచి వచ్చేశాను.

జూన్ 27, పొద్దున

ఎడమ చెవి. కుడి చెవి కూడా.

జూన్ 28

ఎక్కాను.

నిన్న రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కిటికీ సీటు అత్తయ్యది, పక్కది నాది. ఒళ్లో కాగితాలు, సైలెన్సర్ చెయ్యాల్సిన పనులన్నీ వరసగా. ఒక్కోదానికి ఎదురుగా టిక్కు పెట్టాలి. విమానం లేచేటప్పుడు నేను పెట్టిన టిక్కు కాగితాన్ని చింపేసింది. అత్తయ్య ముక్కు అద్దానికి ఆనించి కూర్చుంది. "మన మేడ మీద దుప్పట్లు ఆరేసి వచ్చాను. ఇక్కణ్నుంచి కనిపిస్తాయంటావా?" అని అడిగింది. కనిపించవన్నాను. అయినా వెతికింది.

సైలెన్సర్ బాగా చేసింది. నా బాధలో నేనుండి కూడా అది చూడగలిగాను. బెల్టులు చూసింది, ఏడుస్తున్న పిల్లాడి తల్లికి మాట కలిపింది, బ్యాగులు సర్దింది. నా వరస దాటేటప్పుడు నా మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. నేను కళ్లతోనే వెళ్లమన్నాను.

నా పద్ధతి నాకుంది. ప్రతి చప్పుడుకీ డమ్మీలో బటన్ ఉంది కదా. ఇది మూడో బటన్, ఇది ఐదోది అని లోపల అనుకుంటూ కూర్చున్నాను. నేనే నొక్కుతున్నట్టు. చక్రాలు దిగిన చప్పుడు, ఆరోది. కింద ఇళ్లు, రోడ్డు, కంచె. ఇంక నేల తగలాలి. వేలు ఆ బటన్ మీదే పెట్టి ఉంచాను, లేని డబ్బా మీద.

నేల తగల్లేదు. ఇంజన్లు ఒక్కసారిగా హోరుమన్నాయి, వీపు సీటుకి అతుక్కుపోయింది, నేల కిందికి జారిపోయింది. విమానం మళ్లీ పైకి లేస్తోంది. అది ప్రమాదం కాదు. కింద రన్‌వే ఖాళీ లేకపోతే పైలట్లు చేసే మామూలు పని. పదకొండేళ్లలో చాలాసార్లు చూశాను. కానీ డమ్మీలో దానికి బటన్ లేదు.

నా నోరు తెరుచుకుంది.

"తలలు దించండి, అలాగే ఉండండి. తలలు దించండి, అలాగే ఉండండి."

నేనే. పొట్టలోంచి. ఏడేళ్లుగా పిల్లలకి నేర్పిస్తున్న గొంతు. విమానమంతా వినిపించింది. అందరూ దించారు. నా ముందు వరసల్లో ఒక్క తల పైన లేదు. చేతులు తల మీద, మోచేతులు మోకాళ్ల దగ్గర, నా క్లాసులో కూడా ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు. ఎవరో ఏడుస్తున్నారు. ఎవరో ఫోన్లో ఎవరికో ఏదో చెబుతున్నారు. నేను ఆపలేకపోతున్నాను. అత్తయ్య ఒక్కతే తల దించలేదు, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

అప్పుడు ముందునుంచి ఇంకో గొంతు వచ్చింది.

"అందరూ తలలు ఎత్తండి. ఏ ప్రమాదం లేదు. రన్‌వే ఖాళీ లేక మళ్లీ పైకి తీసుకెళ్తున్నారు, అంతే. తలలు ఎత్తి వెనక్కి ఆనుకోండి. ఆ ఆర్డరు తప్పు. నా మాట వినండి."

మొదట అది ఎవరి గొంతో నాకు తెలియలేదు. గోడకున్న చిన్న సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్న సైలెన్సర్. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నన్నే చూస్తోంది. నేను నోరు మూసుకున్నాను. ఒక్కొక్క తలా పైకి లేచింది.

కాసేపటికి దిగాం. బెల్టులు తీసుకునేటప్పుడు ముందు వరసాయన లేచి వెనక్కి తిరిగాడు. "ఎవరండీ ఆ అరిచింది? మా ఆవిడకి బీపీ." నేను లేవబోయాను. అత్తయ్య నా చెయ్యి నొక్కింది.

"నేనే బాబూ. మొదటిసారి ఎక్కాను. ఏమీ అనుకోకు."

ఆ గొంతు ఆవిడది కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఆయన ఆవిడ మొహం, నా యూనిఫాం చూసి, బ్యాగు తీసుకున్నాడు.

అందరూ దిగిపోయాక అత్తయ్యతో చెప్పాను, మనం రైల్లో వెళ్దాం అని. సైలెన్సర్ వరసలు సర్దుకుంటూ వచ్చి నా పక్కన ఆగింది. ఇందాకటి గొంతు ఎక్కడికి పోయిందో, మళ్లీ పీలగానే ఉంది.

"మేడమ్, మీకో పని చెప్పనా?"

నేను తల ఎత్తాను.

"అమ్మమ్మగారు బాగా భయపడ్డారు. తిరిగి వెళ్లేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని ఒకరు కూర్చోవాలి. నాకు కుదరదు, బోలెడు పనులున్నాయి."

"అవునమ్మాయ్" అంది అత్తయ్య. "గుండె దడదడలాడుతోంది. నువ్వు లేకపోతే నేను ఎక్కలేను."

పాపం, పెద్దావిడ. వదిలిపెట్టి ఎలా వెళ్తాను? కూర్చున్నాను. వస్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి వదల్లేదు. ఎక్కడ కుదుపు వచ్చినా "భయపడకండి అత్తయ్యా" అన్నాను, చెప్పకూడని మాటే అయినా. ఆవిడ చెయ్యి పొడిగా, చల్లగా ఉంది. పెద్దవాళ్ల చేతులు అలాగే ఉంటాయి.

జూన్ 29

టీ తాగుతూ అత్తయ్య ఈయన్ని అడుగుతోంది. ఎగ్జిబిషన్లో తలకిందులుగా తిప్పే రైలు వచ్చిందట, మూసేసేలోపు ఒకసారి తీసుకెళ్తావా అని. విమానం బాగానే ఉంది గానీ మరీ నెమ్మది అంది. దిగబోయి మళ్లీ పైకి లేచినప్పుడు ఒక్కసారి మాత్రం సరదాగా అనిపించిందట.

నేను వంటింట్లో నిలబడి విన్నాను. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

ఆవిడకి భయం లేదు. ఎగ్జిబిషన్ రోజునుంచీ నా సంగతి ఆవిడకి తెలుసు. ఆ పిల్లకీ తెలిసిపోయింది, నా పాఠం నాకే అప్పజెప్పింది. ఈయన లోపలికొచ్చి పొయ్యి ఆర్పారు. నాకు ఏడుపొచ్చింది.

"మీకూ తెలుసా?"

"ఏడేళ్లుగా ఎక్కడికైనా రైల్లోనే వెళ్తున్నాం కదా. నేనేమన్నా అడిగానా?"

"అడగొచ్చు కదా."

"అడిగితే చెవి అంటావు" అన్నారు, గట్టు తుడుస్తూ. "అప్పుడు చెవి గురించే మాట్లాడాలి."

చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఇద్దరం కలిసి పొయ్యి కడిగాం.

జూన్ 30

మేనేజర్‌కి అంతా చెప్పాను. కప్పు నీళ్ల దగ్గర్నుంచి. సైలెన్సర్ కాగితం బల్ల మీద పెట్టాను. అన్నిటికీ టిక్కు పెట్టాను. కింద రాశాను: ట్రైనర్ తప్పుడు ఆర్డరు ఇచ్చింది, ఈ అమ్మాయి దాన్ని గట్టిగా ఖండించి అందరినీ కాపాడింది.

ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది మీకు మంచిది కాదు మేడమ్."

"ఆ పిల్లకి మంచిది."

ఉద్యోగం ఖాయం చేశాడు. నా సంగతి పైవాళ్లకి రాయాలన్నాడు, ట్రైనర్‌గా ఉంచుతారో లేదో చెప్పలేనన్నాడు. అప్పటిదాకా క్లాసులు చెప్పమన్నాడు. బయట సైలెన్సర్ నిలబడి ఉంది. సారీ మేడమ్ అనబోయింది. ఆ మాట సూపర్ మార్కెట్ కౌంటర్లోనే వదిలేసి రమ్మన్నాను.

జూలై 2

ఈ రోజు కొత్త పిల్లల క్లాసు. పైనుంచి జవాబు ఇంకా రాలేదు.

బటన్ల డబ్బా ఒక కుర్రాడి చేతికిచ్చి, వెనక నా స్టూలు మీద కూర్చోమన్నాను. నేను వెళ్లి ఆరో వరసలో, చెయ్యి ఊడిన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.

"నీకిష్టమొచ్చింది నొక్కు. ఎప్పుడు నొక్కుతావో నాకు చెప్పొద్దు."

వాడు చాలాసేపు ఏమీ నొక్కలేదు. షెడ్డు రేకుల చప్పుడు వినిపించింది. నేల మీద ఉన్నానని తెలుసు. తెలిస్తే ఏం లాభం?

"నాకు భయంగా ఉంది" అన్నాను, అందరికీ వినపడేలా.

పిల్లలు నవ్వారు, పాఠంలో భాగం అనుకుని. నా వెనక వరస పిల్ల మాత్రం నవ్వలేదు. లేచి వెళ్లి కప్పు నిండా నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇది ఒలక్కుండా పట్టుకుంటారా మేడమ్?"

పట్టుకున్నాను. అప్పుడు నొక్కాడు వాడు. సీట్లు ఊగాయి, కప్పులో నీళ్లు ఒక పక్కకి ఒరిగాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. సగం నా ఒళ్లో పడ్డాయి. మిగతా సగం కప్పులోనే ఉన్నాయి.